ఊరి కోర్టా, సమ్మర్ క్యాంపా? స్కూల్ వాలీబాల్ సెలెక్షన్స్‌లో ఏది మేలు?

బడులు తెరిచి మండల స్థాయి సెలెక్షన్స్ దగ్గరపడేసరికి తల్లిదండ్రులు అడిగేది ఒకటే మాట. "మావాడు క్యాంపుకి వెళ్లలేదు సార్, ఊళ్లో పెద్దవాళ్లతో ఆడతాడంతే. తీసుకుంటారా?" క్యాంపుకి పంపినవాళ్లదీ అదే బెంగ. "డబ్బు కట్టి నేర్పించాం, ఆ ఊరి పిల్లల ముందు నిలుస్తాడా?"

నా మొగ్గు ఊరి కోర్టు వైపే. అయినా ముందు క్యాంపు పిల్లల గురించే చెప్పాలి, ఎందుకంటే గ్రౌండ్‌లోకి దిగగానే కంటికి ఆనేది వాళ్లే. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి పాస్‌లు ఆడమంటే చాలు, తేడా తెలిసిపోతుంది. మోకాళ్లు వంగి ఉంటాయి, మోచేతులు ముడుచుకోవు, బంతి ముంజేతుల మీద పడి ఒద్దికగా లేస్తుంది. స్మాష్‌కి అడుగుల వరస తప్పదు. పక్కనే ఊరి కోర్టు పిల్లవాడు అండర్‌హ్యాండ్ తీస్తూ చేతులు ఊపేస్తాడు. లిఫ్ట్ చేయమంటే, అంటే స్మాష్ కొట్టేవాడికి బంతి పైకి లేపి ఇవ్వమంటే, దాన్ని వేళ్లలో ఓ క్షణం పట్టి విసురుతాడు. ఊళ్లో దాన్నెవరూ పట్టించుకోరు గానీ ఇక్కడ హోల్డింగ్ అని విజిల్ పడుతుంది. రొటేషన్ ఇంకో తిప్పలు. మన ఊళ్లలో చాలాచోట్ల స్మాష్ కొట్టే షూటర్ షూటర్‌గానే, లిఫ్టర్ లిఫ్టర్‌గానే ఆటంతా ఉండిపోతారు. చిన్నవాడికి దక్కేది వెనక మూల. సర్వీస్ తిరిగొచ్చి అందరూ ఒక్కో చోటు జరగాల్సి వచ్చినప్పుడు వాడు దిక్కులు చూస్తాడు.

అసలు పరీక్ష ఆరుగురిని ఇటు, ఆరుగురిని అటు దింపి మ్యాచ్ పెట్టినప్పుడు. అప్పుడు నేను బంతిని చూడను. బంతి అవతలి కోర్టులో ఉండగా ఇవతలివాళ్ల కాళ్లు చూస్తాను. అవతల లిఫ్ట్ నెట్‌కి బాగా దూరంగా లేచిందనుకోండి. అంత దూరం నుంచి కిందికి గుద్ది కొట్టడం కష్టం, షూటర్ చాలాసార్లు మెల్లగా వేసి సరిపెడతాడు. ఊరి కోర్టు పిల్లవాడు ఆ సంగతి బంతి లిఫ్టర్ చేయి వదలగానే పసిగట్టి ఓ అడుగు ముందుకొచ్చేస్తాడు. లిఫ్ట్ నెట్ దగ్గరే పడితే షూటర్ భుజం ఎటు తిరిగిందో చూసి అటు జరుగుతాడు. క్యాంపు పిల్లవాడు బంతి నెట్ దాటాక కదులుతాడు. ఆపాటికి ఎంత చక్కగా చేతులు కట్టినా అందదు. ఇద్దరి మధ్య పడే బంతికి "నాది" అని అరిచి దూకేదీ ఊరి పిల్లవాడే. పెద్దవాళ్ల ఆటలో బంతి వదిలేస్తే ఎన్ని మాటలు పడాలో వాడికి తెలుసు.

దీంట్లో కోచ్‌ల తప్పేం లేదు. పిల్లలు ఎక్కువ, బంతులు తక్కువ. డ్రిల్‌లో బంతి ఎటొస్తుందో ముందే తెలుసు కాబట్టి చూసి అంచనా వేసే పనే పడదు. ఊగే చేతుల్ని పీఈటీ సార్ దగ్గరుండి కొన్ని వారాల్లో సరిచేయగలరు. ఆ అంచనా మాత్రం మ్యాచ్‌లు ఆడగా ఆడగా రావాల్సిందే. కాబట్టి ఊళ్లో ఆడే పిల్లవాడిని మాన్పించొద్దు. సెలెక్షన్‌కి నెల ముందు నుంచి హోల్డింగ్ పడకుండా లిఫ్ట్, ఆరు చోట్లా నిలబడి ఆడటం, ఈ రెండూ బళ్లో చేయిస్తే చాలు.

త్రోబాల్ నుంచి వచ్చినవాళ్లు ఎత్తు బంతి కిందికి బాగా చేరతారు గానీ వేళ్లు పట్టుకోవడానికే మూసుకుంటాయి. కబడ్డీ, షూటింగ్ బాల్ ఆడినవాళ్లకి ఒంట్లో చురుకుంటుంది, అంతవరకే. మంచి ఎత్తున్న పిల్లల్ని ఏమీ రాకపోయినా పక్కన పెట్టరు, అది వేరే లెక్క.

అమ్మాయిల దగ్గర మాత్రం ఈ పోలికంతా తారుమారవుతుంది. సాయంత్రం ఊరి కోర్టు మగవాళ్లది. నెట్ కూడా వాళ్ల ఎత్తుకే, 2.43 మీటర్లకి కట్టి ఉంటుంది. ఆడవాళ్లకి ఉండాల్సింది 2.24. "ఊరి కోర్టు మేలు" అని ఆ పిల్లలకి ఏ ముఖంతో చెప్పను? వాళ్లకి దొరికేది క్యాంపు ఒక్కటే, కాబట్టి తప్పకుండా పంపండి. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధు తండ్రి పి.వి. రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టులో ఆడారని చాలామందికి తెలుసు. తల్లి విజయ కూడా జాతీయ స్థాయిలో వాలీబాల్ ఆడినావిడే. మన ఆడపిల్లలకి ఆట రాక కాదు, కోర్టు దొరక్క వెనకబడుతున్నారు. గురుకులాల్లో, హాస్టళ్లలో ఉండి రోజూ తమలో తాము మ్యాచ్‌లు ఆడుకునే అమ్మాయిలు వచ్చినప్పుడు చూడండి, బంతి నెట్ దాటకముందే కాళ్లు కదులుతుంటాయి.

పీఈటీలకి నేను అడిగేది ఇంతే. బడి వదిలాక ఓ గంట కోర్టు అమ్మాయిలకే ఇచ్చి, నెట్ 2.24కి దించి కట్టండి. డ్రిల్స్ అరగంటలో ముగించి మిగతా అరగంట మ్యాచే ఆడించండి. ఆరుగురు కుదరకపోతే నలుగురేసి అయినా సరే.