శ్రీకాకుళం – శ్రీకూర్మం – కళింగపట్నం – శాలిహుండం: రోడ్డు సైకిల్ మీద ఈ చుట్టు ఎలా ఉంటుందంటే

శ్రీకాకుళంలో కొత్తగా రోడ్డు సైకిల్ కొన్నవాళ్ళు ఎక్కువమంది నేరుగా హైవే ఎక్కేస్తారు. నున్నటి తారు, మలుపుల్లేవు, మీటర్లో సగటు వేగం బాగా కనిపిస్తుంది. జిల్లాలో తొక్కాల్సిన దారి మాత్రం అది కాదు. టౌన్ నుంచి అరసవల్లి, శ్రీకూర్మం, గార మీదుగా కళింగపట్నం, అక్కణ్ణుంచి వంశధారకి దగ్గరగా శాలిహుండం, మళ్ళీ టౌన్. మొత్తం సుమారు 60 కిలోమీటర్లు. కల్వర్టుల దగ్గరా గెడ్డల మీద వంతెనల దగ్గరా చిన్నపాటి ఎక్కుళ్ళు తప్ప ఎత్తన్నదే లేదు, ముందు 50/34, వెనక 11-28 పళ్ళ గేర్లు ఉంటే మిగులు. నా లెక్కలో ఈ చుట్టుకి 5కి 4 మార్కులు. ఆ ఒక్క మార్కూ రోడ్డు మీద పోసిన పంట వల్ల, వంతెనల మలుపుల్లో పేరుకున్న ఇసుక వల్ల పోయింది.

దూరం కంటే ముందు చూసుకోవాల్సింది గాలి. ఈ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి నైరుతి నుంచి కొడుతుంది కాబట్టి అప్పుడు ముందు శాలిహుండం వైపు వెళ్ళాలి. పోయేటప్పుడు గాలి వీపుని తోస్తుంది. కళింగపట్నం నుంచి శ్రీకూర్మం దాకా ఎదురుగాలి తప్పదు, కానీ ఆ కష్టం మధ్యలోనే తీరిపోయి చివరి 14, 15 కిలోమీటర్లూ పక్కగాలితో ఇంటికి చేరతారు. అదే కాలంలో శ్రీకూర్మం నుంచి మొదలుపెడితే చివరి 20 కిలోమీటర్లకి పైగా, కాళ్ళు అలిసిపోయాక, గాలికి ఎదురీదాలి. నవంబరు నుంచి జనవరి దాకా ఈశాన్యపు గాలి. అప్పుడు ముందు శ్రీకూర్మం, తరవాత కళింగపట్నం. ఎండాకాలంలో తెల్లవారుజామున 5 గంటలకల్లా బయల్దేరి, సముద్రపు గాలి లేచేలోపు తీరం దాటేసి రావాలి. ఆ గాలి పొద్దెక్కాక, 10, 11 గంటలకి మొదలై సాయంత్రం దాకా తగ్గదు.

అరసవల్లి దగ్గర ఆదివారాలు తొక్కొద్దు. సూర్యనారాయణస్వామి దర్శనానికి ఊళ్ళకి ఊళ్ళు కదిలొస్తాయి, మాఘమాసం ఆదివారాలు, రథసప్తమి అయితే సైకిల్ నడిపించుకుంటూ పోవడానికే చోటుండదు. శ్రీకూర్మం డోలోత్సవం రోజులూ అంతే. మిగతా రోజుల్లో ఆ ముక్క హాయిగా సాగిపోతుంది.

టైరు విషయంలో మాత్రం రాజీ పడొద్దు. 23, 25 మిల్లీమీటర్ల టైర్లు హైవేకి సరిపోతాయేమో గానీ ఈ ఊళ్ళ రోడ్లకి కాదు. కనీసం 28, ఫ్రేములో, బ్రేకుల్లో ఖాళీ ఉంటే 32. 70 కిలోల మనిషి 28 టైరులో, ట్యూబుతో, ముందు 65, వెనక 72 పీఎస్‌ఐ పెట్టుకుని మొదలెట్టొచ్చు. 32 అయితే ముందు 52, వెనక 58. వంద కొట్టిస్తే వేగం పెరుగుతుందని చాలామంది నమ్మకం. గరుకు తారు మీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది, కాలి బలం ఆ ఎగురుడులోనే పోతుంది, అరగంటకే అరిచేతులు తిమ్మిరెక్కుతాయి. అలాగని మరీ తగ్గించకూడదు. ఇక్కడ ఊళ్ళో సిమెంటు రోడ్డు, ఊరు దాటితే తారు. రెండూ కలిసే చోట అంచు లేచి ఉంటుంది. దానికి తగిలితే ట్యూబు రిమ్ము కింద నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. రెండు చిల్లులు కనిపిస్తే ముల్లు కోసం వెతక్కండి, గాలి తక్కువైందన్నమాట.

ఒక్క చిల్లే ఉంటే ముల్లే. ఇంగ్లండ్ పల్లె దారుల్లో తొక్కేవాళ్ళకి పొలాల కంచెలు కత్తిరించే శరదృతువులో కంచెలకి పెంచే హాథార్న్ పొద ముళ్ళ బెడద. మనకి సర్కారు తుమ్మ ఏడాది పొడుగునా ఉంటుంది. కంప నరికి ఈడ్చుకెళ్ళిన చోటల్లా రోడ్డు అంచున ముళ్ళు రాలతాయి, కాబట్టి మరీ అంచుకి పోకుండా అడుగున్నర లోపలికి తొక్కాలి. ముల్లు టైరులో విరిగి ఉండిపోతే కొత్త ట్యూబు కూడా కిలోమీటరు దాటదు. ట్యూబు తీశాక టైరు లోపల పాత గుడ్డ పెట్టి చుట్టూ మెల్లగా లాగండి. గుడ్డ పోగు ఎక్కడ పట్టుకుంటే ముల్లు అక్కడే. లోపలికి వచ్చిన మొనని పట్టకారుతో లాగండి, వేలికి అందదు. హైవే ముక్క కలుపుకున్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా చూడాలి. లారీ టైర్లు పేలినప్పుడు రాలే సన్నటి ఉక్కు తీగ ముక్కలు తల వెంట్రుక మందమే ఉంటాయి, కంటికి కనబడవు.

దారిలో పంక్చరు షాపులు మోటారుసైకిళ్ళకి ఉంటాయి, రోడ్డు సైకిల్ ట్యూబుకుండే సన్నటి ప్రెస్టా వాల్వుకి వాళ్ళ గాలి గొట్టం పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు సీటు సంచిలో వేసుకోండి. దాంతోపాటు రెండు ట్యూబులు, రెండు టైరు లివర్లు, అతుకులు, చేతి పంపు, అలెన్ కీలు 4, 5, 6 మిల్లీమీటర్లవి. కంప్రెసరు దగ్గర గాలి కొట్టించేటప్పుడు కొద్దికొద్దిగా ఆపి ఆపి కొట్టమనాలి, సన్న టైరు రెండు క్షణాల్లో నిండిపోతుంది.

ఇక పంట. కోతలయ్యాక వరి, ఆ తరవాత పెసలు, మినుములు, నువ్వులు సగం రోడ్డు మీద ఎండుతుంటాయి. కల్లానికి చోటు లేని రైతు ఇంకెక్కడ పోసుకుంటాడు? సైకిల్ దిగి నడవాలి, లేదా ఎదురు బళ్ళు లేనప్పుడు రెండో సగంలోంచి పోవాలి. గింజల మీద సన్న టైరు గోళీల మీద కాలు పెట్టినట్టు జారుతుంది. పైగా అది ఒకరి తిండి. అన్నిటికంటే ప్రమాదం గడ్డి. నూర్చాక మిగిలిన గడ్డి పోచలు గేర్లు మార్చే వెనక డిరైలర్‌లోని చిన్న చక్రాలకి చుట్టుకుంటాయి. ఏదో పట్టేసిందని ఇంకా బలంగా తొక్కితే డిరైలర్ చక్రం చువ్వల్లోకి వెళ్ళి, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగరు విరుగుతుంది, ఇక ఇంటికి ఆటోలోనే. కిర్రుమన్న శబ్దం రాగానే తొక్కడం ఆపండి. దిగి పెడల్ వెనక్కి తిప్పుతూ గడ్డిని చేత్తో లాగేయండి. మీ ఫ్రేముకి సరిపోయే హ్యాంగరు ఒకటి అదనంగా కొని పెట్టుకోవాలి. ఒక్కో ఫ్రేముకి ఒక్కో రకం కాబట్టి అవసరం పడ్డ రోజున బజార్లో దొరకదు.

శ్రీకూర్మం నుంచి కళింగపట్నం దాకా చుట్టు మొత్తంలో అందమైన ముక్క: సరుగుడు తోటలు, కొబ్బరి చెట్లు, గాలిలో ఉప్పు. వంశధార ఇసుక తోలే ట్రాక్టర్లు తిరిగే చోట మలుపుల్లో పలచటి పొర ఉంటుంది. బ్రేకు మలుపుకి ముందే వెయ్యాలి, మలుపులో ముట్టుకోకూడదు. ఊరి మొదట్లో రంగు వెయ్యని స్పీడు బ్రేకర్లుంటాయి, చీకట్లో అసలు కనబడవు. 5 గంటలకి బయల్దేరేవాళ్ళకి ముందు లైటు 400 ల్యూమెన్లకి తక్కువ కాకూడదు. బీచిలో ఇసుక మీదికి సైకిల్ తీసుకెళ్ళొద్దు, ఫోటో కోసమైనా సరే.

శాలిహుండం దగ్గర తప్పకుండా ఆగండి. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధక్షేత్రం ఇది. గుట్ట మీద ఇటుక స్తూపాలు, కింద వంశధార. పైకి నడిచే వెళ్ళాలి, పెడల్‌కి బిగుసుకునే క్లీట్లున్న బూట్లు రాళ్ళ మీద జారతాయి కాబట్టి పలచటి చెప్పులు జేబులో పెట్టుకోండి.

నీళ్ళకి 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. ఎండాకాలం అయితే లీటరు నీళ్ళలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు కలపాలి, సగం సీసాలో మొత్తం ప్యాకెట్టు వేస్తే మంచికంటే చెడే ఎక్కువ. వేసవిలో దారి పక్కన ముంజలు, చోడి అంబలి దొరికితే అంతకంటే మంచిది లేదు. అంబలిలో ఉప్పు వేయించుకోండి.

ఇంటికొచ్చాక చైను రేపటికి వదలొద్దు. ఉప్పుగాలికి రాత్రికి రాత్రే లింకుల మీద ఎర్రటి మచ్చలు లేస్తాయి. మంచినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక లింకుకో చుక్క చొప్పున నూనె, పది నిమిషాలాగి పైన మిగిలిందంతా తుడిచేయాలి. జిగటగా ఉండే తడి నూనె (వెట్ లూబ్) వానల్లో మాత్రమే, మిగతా రోజుల్లో దానికి ఇసుక అంటుకుని పళ్ళని అరగదీస్తుంది.

ఎత్తులు కావాలనుకునేవాళ్ళకి ఈ చుట్టు పనికిరాదు. వాళ్ళు విజయనగరం మీదుగా ఎస్.కోట (శృంగవరపుకోట) చేరి, బొడ్డవర దాటి అనంతగిరి ఘాటు ఎక్కాలి. ఆ దారికి వెనక 32 పళ్ళ గేరు, కొత్త బ్రేకు ప్యాడ్లు ఉండాల్సిందే.