పదేళ్ల వారంటీ డ్యాంప్ ప్రూఫ్ కోటింగ్ అంటే ముందు బకెట్లు లెక్కపెట్టండి: తీరప్రాంతంలో ఇళ్లున్నవాళ్లకు హెచ్చరిక

విశాఖ, భీమిలి, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇంటికి బయట రంగులు వేయించాలనుకుంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి. వానలు తగ్గీ తగ్గగానే కొందరు కాంట్రాక్టర్లు వచ్చి, చదరపు అడుగు లెక్కన ఒక రేటు చెప్పి, "డ్యాంప్ ప్రూఫ్ వేస్తాం, పదేళ్ల వారంటీ" అంటారు. వారంలో పని ముగించి డబ్బు తీసుకుని వెళ్లిపోతారు. అలా వేసిన గోడలు మరుసటి వానాకాలం దాటడం లేదు.

ముందు చిన్న చిన్న పొక్కులు వస్తాయి. బొటనవేలితో నొక్కితే చిట్లి నీళ్లు కారతాయి. ఆ పొరను ఒలిస్తే రబ్బరు షీటులా చేతికొస్తుంది, వెనకవైపు పుట్టీ, తెల్లటి ఉప్పుపొడి అంటుకుని ఉంటాయి. చూసినవాళ్లు రంగు నాసిరకమని కంపెనీని తిడతారు. కానీ చాలాసార్లు రంగులో లోపం ఉండదు. తడి గోడ మీద వేశారు, అదీ చాలీచాలకుండా వేశారు. ఈ సాగే కోటింగులు బయటి వాన నీటిని ఆపడానికి చేసినవి. గోడలో అప్పటికే ఉన్న తడి ఎండ వేడికి బయటికి రావాలని చూస్తుంది. ఆ పొర కొద్దిగా ఆవిరిని వదిలినా, అంత తడి పోయేంత దారి ఇవ్వదు. నీటితోపాటు వచ్చిన ఉప్పు ఆ కోటింగు వెనకే గడ్డకట్టి దాన్ని ముందుకు నెడుతుంది.

కాబట్టి కాంట్రాక్టరును మొట్టమొదట అడగాల్సింది గోడలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయని. పిట్టగోడ పైభాగం, పిట్టగోడా స్లాబూ కలిసే మూల, సన్‌షేడ్ పైన నీళ్లు నిలిచే చోటు, బాత్రూమ్ పైపులు గోడ దాటే చోటు, కిటికీ ఫ్రేము చుట్టూ ఉన్న సందు... ఇవన్నీ మీతో కలిసి ఎక్కి చూడనివాడు రేటు చెప్పాడంటే వాడు అమ్ముతున్నది రంగు మాత్రమే. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకే చెమ్మ ఉంటే అది పునాది నుంచి పైకి ఎక్కుతున్న తడి. దానికి బయట ఎన్ని కోట్లు వేసినా ఫలితం ఉండదు.

గోడ ఆరిందో లేదో మీరే చూసుకోవచ్చు. అడుగున్నర చదరం మందపాటి పారదర్శక ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో గాలి దూరకుండా అంటించి ఒక రోజు వదిలేయండి. లోపలివైపు నీటి బిందువులు కనిపించినా, ఆ మేర గోడ రంగు ముదిరినా పని ఆపించండి. ఉత్తరపు గోడ, ఎండ పడని సందువైపు గోడ విడివిడిగా పరీక్షించాలి, అవే చివర ఆరతాయి. కొత్తగా ప్లాస్టరింగ్ చేయిస్తే కనీసం 28 రోజులు ఆగాలి. మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కూడా వానలుంటాయి గనక జనవరి తర్వాత మొదలుపెట్టడం మేలు. అప్పుడు కూడా పొద్దున్నే మంచు తడి ఆరాకే బ్రష్ పట్టాలి.

అసలు మోసం లీటర్లలో జరుగుతుంది. లెక్క సులువే: చదరపు మీటరుకు ఒక లీటరు పోస్తే తడి పొర సరిగ్గా ఒక మిల్లీమీటరు, అంటే 1000 మైక్రాన్లు. డబ్బాలో ఘనపదార్థం, అంటే ఆరాక గోడ మీద మిగిలేది, పరిమాణంలో 50 శాతం ఉందనుకుంటే, ఆరాక 200 మైక్రాన్లు మిగలాలంటే తడిగా 400 మైక్రాన్లు, అంటే చదరపు మీటరుకు 0.4 లీటరు వేయాలి. మీ బయటి గోడలు 2000 చదరపు అడుగులైతే అది 186 చదరపు మీటర్లు. మొత్తం 74 లీటర్లు, దాదాపు నాలుగు 20 లీటర్ల బకెట్లు. రెండు బకెట్లతో ముగించారంటే ఆరిన పొర 100 మైక్రాన్లకు కాస్త పైన ఉంటుంది, అంతే. నీళ్లు కలిపి సాగదీస్తే రంగు కమ్ముతుంది గానీ పొర మందం ఒక్క మైక్రాను పెరగదు. మీ ఉత్పత్తికి కావలసిన మందం, ఘనపదార్థం శాతం (బరువులో కాదు, పరిమాణంలో) కంపెనీ ఇచ్చే ఉత్పత్తి వివరాల కాగితం, అంటే డేటా షీటులో చూసి ఇదే లెక్క వేయండి.

బకెట్లు మీ ఎదుటే సీలు విప్పాలి. "టోకెన్ తీసుకోవడానికి ముందే తెరిచాం సార్" అంటే ఒప్పుకోవద్దు. పెయింటర్ల కోసం కంపెనీలు బకెట్లో బహుమతి టోకెన్లు పెట్టడం నిజమే, కానీ దాని కోసం మీ కళ్లముందు తెరిస్తే ఏం పోతుంది? బ్యాచ్ నంబరు ఫొటో తీసుకోండి, ఖాళీ బకెట్లు పని పూర్తయ్యేదాకా మీ దగ్గరే ఉంచండి.

గోడ తయారీలో కూడా కోత పెడతారు. నల్లగా పట్టిన నాచును ఉత్త నీళ్లతో కడిగితే చావదు. ఫంగస్ మందు రాసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఉంచి, వైర్ బ్రష్‌తో గీకాలి. అరచేతితో రుద్దితే పొడి అంటుకుంటే ఆ పాత సున్నం, సిమెంటు పెయింటు గట్టి ఉపరితలం వచ్చేదాకా తీసేయాలి. బీటలకు పుట్టీ పులమడం పనికిరాదు. వీ ఆకారంలో తెరిచి, దుమ్ము దులిపి, పాలిమర్ కలిపిన మోర్టారుతో నింపించండి. బయటి గోడకు అక్రిలిక్ పుట్టీ అసలు వద్దు, తడి తగిలితే మెత్తబడుతుంది.

సన్‌షేడ్ కింద పెచ్చులూడి ఊచలు కనిపిస్తే అది పెయింటరు పని కాదు. ఊచ వెనకదాకా వదులు కాంక్రీటు కొట్టేసి, తుప్పు పూర్తిగా గీకి, జింక్ ప్రైమర్ వేసి, ఆ తర్వాత పాలిమర్ మోర్టారు కట్టాలి. అక్కడ బ్లీచింగ్ నీళ్లు పోయనివ్వకండి, అందులోని క్లోరైడు తుప్పును ఇంకా పెంచుతుంది.

వారంటీ కాగితం చదవండి. పునాది చెమ్మ, స్లాబు కారడం, కట్టడం బీటలు, పైపు లీకులు దాదాపు ఎప్పుడూ మినహాయింపుల్లోనే ఉంటాయి. అంటే మీ గోడ పాడయ్యే కారణాలే అందులో లేవు. కంపెనీ పేరున కాగితం, జీఎస్టీ బిల్లు లేకుండా కాంట్రాక్టరు నోటిమాట మీద పదేళ్లు లెక్కపెట్టుకోవద్దు. బిల్లులో నాలుగో వంతు మొదటి గట్టి వానలు పడ్డాక ఇస్తామని ముందే రాయించుకోండి.

ఇప్పటికే పొక్కులొచ్చినవాళ్లు, ఫ్రీగా ఇంకో కోటు వేస్తామంటే వేయనివ్వకండి. వదులైన పొరంతా ఒలిపించి, నీళ్లొచ్చే చోటు బాగుచేయించి, ఉప్పును పొడి బ్రష్‌తో దులిపించండి. నీళ్లు పోస్తే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. తర్వాత గోడను ఎండాకాలమంతా అలాగే వదిలేసి, ప్లాస్టిక్ షీటు పరీక్షలో చుక్క కూడా కనిపించనప్పుడు ప్రైమర్ నుంచి మొదలుపెట్టించండి.