బరంపురంలో దొరికే ఎన్‌ఎంఎన్ క్యాప్సూళ్ళు: డబ్బా విప్పి, తూచి, నీళ్ళలో కలిపి చూశాక

వస్తువు: ఎన్‌ఎంఎన్ (నికోటినమైడ్ మోనోన్యూక్లియోటైడ్) 500 మి.గ్రా., 60 క్యాప్సూళ్ళ తెల్ల ప్లాస్టిక్ డబ్బా. మా మార్కు అయిదుకి రెండు. ఆ రెండూ లోపలి సరుకుకే. "వయసును వెనక్కి తిప్పుతుంది" అని డబ్బా మీద అచ్చేసిన మాటకి ఒక్క మార్కు కూడా వేయలేం.

గిరి రోడ్డులోనో, ఎం.కె.సి.జి. ఆసుపత్రి చుట్టుపక్కలో ఉన్న మందుల షాపుల్లో అడిగితే తెప్పించి పెడతారు. కానీ ఎక్కువ డబ్బాలు ఇళ్ళకి చేరేది ఆన్‌లైన్‌లోనే. బెంగుళూరులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు అమ్మానాన్నలకి పంపిస్తారు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి చూపించుకోవడానికి వచ్చే పెద్దవాళ్ళు సంచిలోంచి ఆ డబ్బా తీసి "బాబూ, ఇది రోజూ వేసుకోవచ్చా?" అని అడుగుతారు. ఒక్క ముక్కలో తేలే జవాబు కాదది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాం.

ముందు ఇది ఏమిటో చూద్దాం. మన ప్రతి కణంలోనూ ఎన్‌ఏడీ అనే పదార్థం ఉంటుంది. తిన్న తిండిని శక్తిగా మార్చే పనికి అది లేకపోతే నడవదు. 1906లో ఆర్థర్ హార్డెన్, విలియం యంగ్ ఈస్టు మీద పనిచేస్తూ దాని జాడ పట్టుకున్నారు. వయసు పెరిగేకొద్దీ కొన్ని అవయవాల్లో ఇది తగ్గుతుంది. 2000లో షినిచిరో ఇమాయ్, లెనార్డ్ గారెంటే బృందం మరో సంగతి చూపించింది: ఈస్టులో ఆయుష్షుతో ముడిపడ్డ సర్-2 అనే ప్రోటీన్ పనిచేయాలంటే ఎన్‌ఏడీ కావాలి. వృద్ధాప్య పరిశోధన ఎన్‌ఏడీ వైపు తిరిగింది అక్కడి నుంచే. ఎన్‌ఏడీకి ఒక మెట్టు కిందిది ఎన్‌ఎంఎన్. కింది మెట్టు సరుకు ఎక్కువిస్తే పై మెట్టు సరుకు పెరుగుతుందన్నది లెక్క. లెక్క తప్పు కాదు, నోటితో వేసుకుంటే రక్తంలో ఎన్‌ఏడీ పెరుగుతుంది. అది పెరిగినంత మాత్రాన మనిషి నిదానంగా ముసలివాడవుతాడా అన్నదే ప్రశ్న.

చిట్టెలుకల్లో ఫలితం బాగుంది. 2016లో వాషింగ్టన్ యూనివర్సిటీలో ఇమాయ్ బృందం ఏడాది పాటు నీళ్ళలో కలిపి ఇచ్చింది, శరీర బరువులో కిలోకి రోజుకి 100 లేదా 300 మి.గ్రా. చొప్పున. వయసుతో వచ్చే బరువు తగ్గింది, ఇన్సులిన్ పనితీరు మెరుగైంది, ఎలుకలు చురుగ్గా తిరిగాయి. ఈ అంకెను మనిషికి నేరుగా వర్తింపజేయకూడదు. చిట్టెలుక మోతాదును 12.3తో భాగిస్తేనే మనిషి మోతాదు వస్తుంది. కిలోకి 300 అంటే మనకి సుమారు 24. అరవై కిలోల మనిషికి రోజుకి 1,460 మి.గ్రా. దాకా అవుతుంది. డబ్బా మీది 500 అందులో మూడో వంతు. ఎలుకలకి ఇచ్చిన పెద్ద మోతాదు ఫలితాలు చూపించి మూడో వంతు సరుకు అమ్మడం సబబు కాదు.

మనుషుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి. 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన పరీక్షలో 25 మంది ఆడవాళ్ళు ఉన్నారు. అందరూ నెలసరి ఆగిపోయినవాళ్ళు, అధిక బరువున్నవాళ్ళు, షుగరు అంచున ఉన్నవాళ్ళు. కొందరికి రోజుకి 250 మి.గ్రా. మందు, మిగతావారికి ఉత్త మాత్ర, పది వారాలు. మందు వేసుకున్నవాళ్ళ కండరాలు ఇన్సులిన్‌కి స్పందించడం సుమారు 25 శాతం మెరుగైంది. బరువు, బీపీ, పరగడుపు షుగరు మాత్రం మారలేదు. మన దేశంలోనే 80 మంది మధ్యవయసు వాళ్ళ మీద 60 రోజులు జరిగిన మరో పరీక్ష ఫలితం 2023లో వచ్చింది. 300, 600, 900 మి.గ్రా. మోతాదులు ఇచ్చి చూశారు. ఆరు నిమిషాల్లో నడవగలిగే దూరం పెరిగింది, 600 దాటితే అదనపు లాభం కనబడలేదు, ఇన్సులిన్ లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే 900 రాసిన ఖరీదైన డబ్బా కొనడానికి కారణం లేదు. మనిషి ఆయుష్షు పెరిగిందని చూపిన పరీక్ష అయితే ఒక్కటీ లేదు.

ఇంకొక్కటి. అమెరికాలో ప్రభుత్వ నిధులతో మూడు చోట్ల ఒకే పద్ధతిలో ఎలుకల ఆయుష్షు కొలిచే కార్యక్రమం ఉంది. అమ్ముకునేవాళ్ళ చేయి లేని పరీక్ష కాబట్టి దానికి విలువెక్కువ. ఎన్‌ఎంఎన్‌కి దగ్గరి చుట్టం ఎన్‌ఆర్‌ను అక్కడ పరీక్షిస్తే ఎలుకలు ఎక్కువకాలం బతకలేదు. అదే చోట రాపమైసిన్ 2009లో ఆడ, మగ ఎలుకలు రెండింటి ఆయుష్షూ పెంచింది. షుగరు మందు అకార్బోజ్ మగ ఎలుకల్లో బాగా పనిచేసింది. ఇది చదివి రాపమైసిన్ కోసం షాపుకి వెళ్ళకండి. కిడ్నీ మార్చినవాళ్ళకి రోగనిరోధక శక్తిని అణచడానికి ఇచ్చే మందది. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు.

ఇప్పుడు సరుకు సంగతి. మూడు పనులు చేస్తే చాలావరకు తేలుతుంది.

మొదటిది తూకం. బంగారం కొట్లో మిల్లీగ్రాములు చూపే కాటా ఉంటుంది. పది క్యాప్సూళ్ళు ఒకేసారి పెట్టి తూచాలి, పొడి కాగితం మీద పూర్తిగా దులిపి, ఖాళీ తొడుగులు మళ్ళీ తూచాలి. సున్నా సైజు తొడుగు ఒకటి సుమారు 95 మి.గ్రా. ఉంటుంది. మేం చూసిన డబ్బాలో పది నిండువి 6.1 గ్రాములు, తొడుగులు 0.95. పొడి 5.15 గ్రాములు, అంటే క్యాప్సూల్‌కి 515 మి.గ్రా. ఆ పైనున్న 15 మి.గ్రా. యంత్రంలో పొడి అంటుకోకుండా కలిపేది. ఈ లెక్క సరిపోయింది. లోపలి పొడి 400 దగ్గర తేలితే ఇంకేమీ చూడక్కర్లేదు, వెనక్కి పంపేయండి. చాలా డబ్బాల మీద పెద్ద అక్షరాల్లో 500 అని ఉంటుంది, వెనకాల చిన్న అక్షరాల్లో "ఒక మోతాదు అంటే రెండు క్యాప్సూళ్ళు" అని ఉంటుంది. అప్పుడు ఒక్కోదానిలో 250, అరవై క్యాప్సూళ్ళు ముప్పై రోజులకే సరి.

రెండోది నీళ్ళు. ఒక క్యాప్సూల్ పొడిని 10 మిల్లీలీటర్ల శుద్ధి చేసిన నీళ్ళలో కలపాలి. ఎన్‌ఎంఎన్ వెంటనే కరిగిపోతుంది, పైన పల్చటి మసక తేలితే అది కలిపిన పదార్థమే, తప్పులేదు. అడుగున తెల్లగా పేరుకుంటే పిండో, సెల్యులోజో, బి3 విటమిన్‌లో ఒక రకమైన నికోటినిక్ ఆమ్లమో అయి ఉంటుంది. నికోటినిక్ ఆమ్లం 10 మిల్లీలీటర్లలో రెండు వందల మి.గ్రా. కూడా కరగదు, అందుకే అడుక్కి దిగుతుంది.

మూడోది పీహెచ్ కాగితం, పులుపు ఎంతుందో చూపేది; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. అదే నీళ్ళలో ముంచితే మంచి ఎన్‌ఎంఎన్ 3, 4 మధ్య చూపాలి. 6, 7 చూపిస్తే అనుమానించాలి, ఎందుకంటే చవకగా దొరికే నికోటినమైడ్ (బి3లోనే మరో రకం) కలిపితే అంతే వస్తుంది. మేం చూసినది 3.5 దగ్గర ఆగింది. సిట్రిక్ ఆమ్లం కలిపి మోసం చేసేవాళ్ళని ఈ కాగితం పట్టుకోలేదు. అందుకే బ్యాచ్ నంబరు వేసిన ల్యాబ్ రిపోర్టు అడగాలి. అందులో హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి కొలిచే ల్యాబ్ పద్ధతి) శుద్ధత, బీటా రూపం (శరీరం వాడుకునే రూపం) అన్న మాట, సీసం, ఆర్సెనిక్ అంకెలు ఉండాలి, బ్యాచ్ నంబరు డబ్బా మీదిదే అయి ఉండాలి. మాకు వచ్చిన రిపోర్టులో బ్యాచ్ వేరు. అక్కడే రెండు మార్కులు పోయాయి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) పద్నాలుగు అంకెల నంబరు ఉందని కొందరు నమ్ముతారు. అది తయారీదారు లైసెన్సు నంబరు, ఆ పొడి పనిచేస్తుందన్న హామీ కాదు.

వేసుకున్న అరగంటలో ముఖం, చెవులు ఎర్రబడి దురద పెడితే ఆ డబ్బాలో నికోటినిక్ ఆమ్లం ఉందని గట్టిగా అనుమానించాలి. ఎన్‌ఎంఎన్‌కి ఆ గుణం లేదు.

ఎవరు తీసుకోకూడదన్నది మరీ ముఖ్యం. కేన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళు, ఈమధ్యే ముగించినవాళ్ళు దీని జోలికి వెళ్ళకూడదు. కేన్సర్ కణాలకి కూడా ఎన్‌ఏడీ బాగా కావాలి. దాని తయారీని ఆపే మందుల్నే కేన్సర్ మీద పరీక్షించారు. అలాంటప్పుడు అదే సరుకు ఇంట్లో కూర్చుని పెంచుకోవడం తగదు. షుగరుకి గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు మొదలుపెడితే మొదటి నెల వారానికి రెండుసార్లు పరగడుపు షుగరు చూసుకోవాలి, డాక్టరుకి చెప్పాలి. గర్భిణులకి వద్దు.

బ్రోకలీలో సహజంగా ఉంటుందని ఆ డబ్బాతో వచ్చిన కాగితం చెబుతోంది. నూరు గ్రాముల్లో ఎక్కువలో ఎక్కువ 1.12 మి.గ్రా. 250 మి.గ్రా. రావాలంటే ఇరవై రెండు కిలోలు తినాలి. ఆ వాదన పక్కన పెట్టేద్దాం. ఎన్‌ఏడీ తయారీకి శరీరానికి కావలసిన నియాసిన్ (బి3 విటమిన్) మాత్రం మన వంటింట్లోనే ఉంది. నూరు గ్రాముల వేరుశెనగలో సుమారు 12 మి.గ్రా., చికెన్‌లోనూ చేపలోనూ బాగానే ఉంటుంది. ఈ నియాసిన్ కొరత ఎంత పని చేస్తుందో హైదరాబాదులో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య లోతుగా చూశారు. జొన్నే ప్రధాన ఆహారమైన దక్కన్ పల్లెల్లో చర్మం పగిలి నల్లబడే పెల్లాగ్రా జబ్బుకి జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం కారణం కావచ్చని 1960లో రాశారు. కొరత ఉన్నవాడికి నియాసిన్ ప్రాణదానం లాంటిది. కడుపునిండా తినేవాడికి అదనంగా పోస్తే అంత మేలు జరుగుతుందని అనుకోకూడదు.

ఈ డబ్బాలు రెండు వేల నుంచి అయిదు వేల దాకా ఉన్నాయి. ఆ డబ్బు పెట్టే ముందు అమ్మానాన్నల బీపీ ఎంతుందో కనుక్కోండి. 2015లో వచ్చిన స్ప్రింట్ పరీక్షలో 9,361 మంది ఉన్నారు. షుగరు లేని, గుండె జబ్బు ముప్పు ఎక్కువున్న అధిక బీపీ వాళ్ళలో పై అంకెను 120 కంటే కిందకి దించితే, 140 లక్ష్యంగా పెట్టుకున్నవాళ్ళతో పోలిస్తే మరణాలు 27 శాతం తగ్గాయి. ఆయుష్షు పేరు చెప్పుకునే హక్కున్న ఫలితం అంటే అది. ఎంత దించాలన్నది డాక్టరే నిర్ణయించాలి, వయసు పైబడినవాళ్ళకి ఎక్కువ దించితే కళ్ళు తిరిగి పడిపోతారు. ముప్పై దాటినవాళ్ళకి బీపీ, షుగరు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే చూస్తారు.

అయినా కొనాలనుకుంటే మొదటి మాత్రకి ముందే రెండు కొలతలు రాసిపెట్టుకోండి. చేతులు లేని 43 సెంటీమీటర్ల ఎత్తు కుర్చీలో, చేతులు గుండెకి అడ్డంగా పెట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. గచ్చు మీద 4 మీటర్లు సుద్దముక్కతో గీసి మామూలు నడకతో ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. అయిదు సెకన్లు దాటితే అది మందగించిన నడక, డాక్టరుకి చూపించాల్సిందే.

మా ఊరి గాలికి ఇది తొందరగా పాడవుతుంది. తేమ తగిలితే ఎన్‌ఎంఎన్ విడిపోయి నికోటినమైడ్ అవుతుంది, పొడి గడ్డకడుతుంది. వైశాఖంలో కొరియర్ వ్యానులో రెండు రోజులు ఉడికిన డబ్బా తీసుకోకపోవడమే మంచిది, చలికాలంలో తెప్పించుకోండి. ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీశాక మూత బిగించే అరగంట ఆగాలి. చల్లటి డబ్బా వెంటనే తెరిస్తే లోపల చెమ్మ పడుతుంది. సిలికా పొట్లం పారేయకండి. తెరిచిన తేదీ మూత మీద రాయండి. అరవయ్యో రోజున రెండో డబ్బాకి ఆర్డరు పెట్టే ముందు అదే కుర్చీ, అదే సుద్దగీత దగ్గర మళ్ళీ కొలిచి పాత అంకె పక్కన కొత్త అంకె రాసి చూడండి.