మనష్షేకి దేవుడి తీర్పు: రాజుల గ్రంథమా, దినవృత్తాంతాలా?

బైబిల్ స్టడీలో యూదా రాజు మనష్షే దగ్గరికి వచ్చామంటే చాలు, ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. ఒకే రాజు గురించి రాజులు రెండవ గ్రంథం ఒకలా, దినవృత్తాంతములు రెండవ గ్రంథం ఇంకోలా చెబుతున్నాయి కదా, దేవుడి తీర్పును అర్థం చేసుకోవడానికి ఏది మేలు అని.

అతను చేసినవి మీకు తెలిసినవే. 12 ఏళ్లకే గద్దెనెక్కి 55 ఏళ్లు ఏలాడు. తండ్రి హిజ్కియా పడగొట్టిన ఉన్నత స్థలాలను, అంటే గుట్టల మీది పూజాస్థలాలను, మళ్లీ కట్టించాడు, యెహోవా మందిరంలోనే విగ్రహం నిలిపాడు. ఇంతవరకు రెండు గ్రంథాలవీ దాదాపు ఒకే మాటలు.

ఆ తర్వాత దారులు వేరవుతాయి. రాజుల గ్రంథంలో మనష్షేకి బతికుండగా ఏ శిక్షా పడదు. చనిపోయాక తన ఇంటి తోటలోనే సమాధి చేస్తారు. తీర్పు యెరూషలేము మీదికి వెళ్తుంది: పళ్లెం తుడిచి బోర్లించినట్టు ఆ నగరాన్ని తుడిచేస్తానంటాడు దేవుడు. మనవడు యోషీయా దేశమంతా శుద్ధి చేసినా ఆ కోపం చల్లారదు. దినవృత్తాంతాల్లో అలా కాదు. అష్షూరు సేనాధిపతులు అతన్ని గొలుసులతో బంధించి బబులోనుకు లాక్కుపోతారు. అక్కడ అతను తనను తాను తగ్గించుకుని మొరపెడితే, దేవుడు విని మళ్లీ రాజ్యానికి రప్పిస్తాడు. అష్షూరు రాజు ఎసర్హద్దోను శాసనంలో, నిర్మాణానికి సామగ్రి పంపిన రాజుల జాబితాలో మనష్షే పేరుంది. బందీగా తీసుకెళ్లిన మాట మాత్రం అందులో లేదు.

దినవృత్తాంతాల బలం తక్కువదేమీ కాదు. బబులోను చెర నుంచి తిరిగొచ్చిన యూదుల కోసం రాసిన గ్రంథమది. బబులోనుకు వెళ్లి తిరిగొచ్చిన రాజులో వాళ్లు తమనే చూసుకుని ఉంటారు. ఇక నాకు క్షమాపణ లేదని కుమిలిపోయే మనిషికి నేనైనా ముందు 33వ అధ్యాయమే చదివి వినిపిస్తాను.

కానీ నా దృష్టిలో అసలు విషయం వేరే ఉంది. మనష్షే నిరపరాధుల రక్తంతో యెరూషలేమును ఈ కొన నుంచి ఆ కొన దాకా నింపాడని రాజుల గ్రంథం 21:16 చెబుతుంది. 24వ అధ్యాయంలో రాజ్యం కూలిపోతున్నప్పుడు మళ్లీ అదే రక్తాన్ని గుర్తుచేసి, దాన్ని క్షమించడానికి యెహోవాకు మనసు రాలేదంటుంది. దినవృత్తాంతాల 33వ అధ్యాయం మొత్తం వెతకండి, ఆ రక్తం ఊసే ఉండదు. విగ్రహాలు తీసేశాడు, బలిపీఠం బాగుచేశాడు, సరే. మరి చంపించిన వాళ్ల మాటేమిటి? వాళ్ల పిల్లల తరఫున అడిగేదెవరు? ఆ ప్రశ్నను వదలకుండా పట్టుకున్నది రాజుల గ్రంథమే. అందుకే నా మొగ్గు అటే.

అలాగని రాజుల గ్రంథంలో దయ లేదనుకోవద్దు. నాబోతును అతని ద్రాక్షతోట కోసం అన్యాయంగా చంపించాక, ఇశ్రాయేలు రాజు అహాబు గోనెపట్ట కట్టుకుని తగ్గించుకున్నప్పుడు, కీడు అతని కొడుకు కాలానికి వాయిదా పడింది. వాయిదానే, రద్దు కాదు. ఏళ్ల తర్వాత తిరుగుబాటు చేసిన సేనాధిపతి యెహూ బాణానికి అహాబు కొడుకు యెహోరాము కూలినప్పుడు, ఆ శవాన్ని తీసుకెళ్లి పారేసింది ఎక్కడో కాదు, ఆ నాబోతు పొలంలోనే.

తాత పాపానికి యోషీయా తరం ఎందుకు నష్టపోవాలి? ఇది నన్నూ బాధపెట్టే ప్రశ్నే. కానీ పాలకుడి ద్రోహానికి మూల్యం చెల్లించేది ఎప్పుడూ ప్రజలే. రాజుల గ్రంథం దాన్ని దాచిపెట్టలేదు. దినవృత్తాంతాలు ప్రతి రాజు లెక్కనూ అతని బతుకులోనే తేల్చాలని చూస్తాయి. యూదా రాజు ఉజ్జియాకు కుష్ఠు వస్తే యాజకులు మాత్రమే వేయాల్సిన ధూపం తాను వేయబోయినందుకంటాయి, మెగిద్దో యుద్ధంలో యోషీయా చనిపోతే ఐగుప్తు రాజు ఫరో నెకో నోట వచ్చిన దేవుడి మాట విననందుకంటాయి. ఈ రెండింటికీ రాజుల గ్రంథం కారణమే చెప్పదు. జబ్బుతో మంచాన పడ్డవాళ్ల దగ్గరికి ప్రార్థనకని వెళ్లి "ఏం పాపం చేశారో" అని గుసగుసలాడే అలవాటు మన సంఘాల్లో ఇప్పటికే ఉంది. దినవృత్తాంతాలు ఒక్కటే చదివితే అది ఇంకా ముదురుతుంది.

యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 18వ అధ్యాయాన్ని మూడో దారిగా చూపేవాళ్లూ ఉన్నారు. తండ్రి దోషం కొడుకు మోయడన్న మాట గొప్పదే, కానీ అక్కడ మనష్షే పేరు లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు 2 రాజులు 21 చదవండి, తర్వాత 2 దినవృత్తాంతములు 33, ఆపైన 2 రాజులు 24లో మొదటి నాలుగు వచనాలు.