లిగ్నైట్ కోసం ఆటోశాంప్లర్ ఉన్న టీజీఏ కొంటున్నారా?

ముత్తుకూరు రోడ్డులో ఉన్న మా ల్యాబ్‌కు టీజీఏ (శాంపిల్‌ను వేడి చేస్తూ దాని బరువు ఎలా తగ్గుతుందో గ్రాఫ్ గీసే యంత్రం) వచ్చిన కొత్తలో దాని ఆటోశాంప్లర్‌ను, అంటే వరుసగా పేర్చిన శాంపిళ్లను తనే ఒక్కొక్కటిగా ఫర్నేసులో పెట్టుకునే భాగాన్ని, కనిపించిన వాళ్లందరి దగ్గరా పొగిడినవాణ్ణి నేను. సాయంత్రం శాంపిల్ వేసిన చిన్న గిన్నెలు (క్రూసిబుళ్లు) వరుసగా పేర్చి, బటన్ నొక్కి నెల్లూరు బస్సెక్కితే తెల్లారేసరికి గ్రాఫులన్నీ రెడీ. కృష్ణపట్నం రేవులో దిగే దిగుమతి బొగ్గు వరకు ఆ పొగడ్తలో ఇప్పటికీ పెద్దగా వెనక్కి తీసుకునేది లేదు. తేమ ఎక్కువుండే గోధుమరంగు బొగ్గు, లిగ్నైట్ దగ్గరే మాకూ దానికీ చెడింది.

ఒక బాయిలర్ వాళ్లు తమ బొగ్గులో నైవేలి లిగ్నైట్ కలపాలనుకుని, అది ఏ ఉష్ణోగ్రత దగ్గర అంటుకుంటుంది, ఎక్కడ పూర్తిగా కాలిపోతుంది చూసిపెట్టమన్నారు. గనిలోంచి వచ్చేటప్పుడు ఆ లిగ్నైట్‌లో దాదాపు సగం బరువు నీళ్లదే. ఆరబెట్టి పొడి చేశాక కూడా బాగానే మిగులుతుంది. ఒకే సీసాలోని పొడిని అన్ని క్రూసిబుళ్లలో పెట్టి రాత్రికి వదిలేశాం. పొద్దున చూస్తే మొదటి గ్రాఫ్‌లో 110 డిగ్రీల లోపు కనిపించే తేమ మెట్టు (నీరు పోయి బరువు పడిపోయే చోటు) పెద్దగా ఉంది. అక్కణ్ణుంచి ఒక్కో క్రూసిబుల్‌కీ తగ్గుతూ వచ్చింది. నీళ్లు తగ్గిన కొద్దీ బూడిద శాతం పెరిగినట్టు కనిపిస్తుంది కదా, బాయిలర్ వాళ్లు సరిగ్గా దాన్నే పట్టుకున్నారు. "ఏందన్నా, ఒకే లిగ్నైట్‌కి ఇన్ని రకాల బూడిదా?" అన్నాడు వాళ్ల కుర్రాడు.

సర్వీసుకు వచ్చినాయన "మీ శాంపిల్ సరిగ్గా కలవలేదు సార్" అనేసి టీ తాగి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. యంత్రం సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి వాడే కాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్ తీసి అన్ని క్రూసిబుళ్లలో పెట్టాను. అది వేడెక్కేకొద్దీ మూడు మెట్లలో బరువు తగ్గుతుంది: నీరు 12.3 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 19.2, కార్బన్ డయాక్సైడ్ 30.1. గది వేడికి దాని నీరు ఎక్కడికీ పోదు. మొదటిదీ చివరిదీ ఒకేలా వచ్చాయి. అంటే త్రాసులో, ఫర్నేసులో తప్పు లేదు. తప్పంతా కాచుకుని కూర్చోవడంలోనే. నిమిషానికి 10 డిగ్రీల చొప్పున 900 దాకా వెళ్లి చల్లారడానికి దాదాపు రెండు గంటలు. పదో క్రూసిబుల్ వంతు వచ్చేసరికి పద్దెనిమిది గంటలు గడుస్తాయి. పది మిల్లీగ్రాముల పొడి ఏసీ గదిలో మూత లేకుండా అంతసేపు ఉంటే ఏం మిగులుతుంది?

పొడి ఆరిపోకుండా, క్రూసిబుల్ వంతు వచ్చినప్పుడు చిల్లు పడే అల్యూమినియం మూతలు వాడమని కొందరు సలహా ఇచ్చారు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది, మేం వెళ్లేది 900కి! ఆ సలహా ఇచ్చినవాళ్లు బొగ్గును ఎన్నడైనా కాల్చి చూశారా అని అనుమానం.

ఇప్పుడు లిగ్నైట్ తేమను బొగ్గు పరీక్షల భారతీయ ప్రమాణం ఐఎస్ 1350 ప్రకారం ఓవెన్‌లోనే, సీసా తెరిచిన వెంటనే చూస్తున్నాం. టీజీఏ గ్రాఫ్‌ను తేమ పోయాక మిగిలిన బరువు నుంచి లెక్కేస్తాం. అలా చూస్తే అంటుకునే చోటు, డీటీజీ (బరువు తగ్గే వేగం చూపే గ్రాఫ్) శిఖరం క్రూసిబుల్ క్రూసిబుల్‌కీ పెద్దగా కదలవు. దిగుమతి బొగ్గు కంటే లిగ్నైట్ ఎంత ముందుగా అంటుకుంటుందో రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పెడితే చూపు తిప్పుకోలేం. ఆ ఒక్క పనికి మాత్రం దీన్ని వదులుకోను. కాకపోతే బాయిలర్‌లో బొగ్గుపొడి క్షణంలో వెయ్యి డిగ్రీలు దాటుతుంది, ఇక్కడ నిమిషానికి పది. ఏది ముందు, ఏది వెనక అని చెప్పుకోవడం వరకే ఈ అంకెలు. పొడి కాస్త ఎక్కువ వేసినా లిగ్నైట్ భగ్గుమని, తన వేడికి తనే మనం పెట్టిన ఉష్ణోగ్రత ప్రోగ్రామ్‌ను దాటి పోతుంది. బొగ్గు లారీలు పోయినప్పుడు డీటీజీలో వచ్చే వణుకు గురించి చెప్పక్కర్లేదు, అది మా రోడ్డు కర్మ.

ఎండబెట్టిన బొగ్గు, బయోచార్ (మొక్కల చెత్తతో చేసే బొగ్గు) లాంటివి చేసేవాళ్లకు ఆటోశాంప్లర్ డబ్బులు దండగ కాకపోవచ్చు. రోజూ తడి లిగ్నైట్ వచ్చే ల్యాబ్ అయితే ఆ డబ్బు మిగుల్చుకుని, క్రూసిబుళ్లు ఒక్కొక్కటీ పెట్టడానికి ఒక మనిషిని పెట్టుకోండి. మాకు నైట్ షిఫ్ట్‌కు మనుషులు దొరకరు, అందుకే తిట్టుకుంటూనే వాడుతున్నాం.