కార్టూన్ గొంతుల క్లాసు: పాఠం ఘనం, మైకు పిసినారి

చెన్నై సాలిగ్రామంలో ఉంటూ సీరియళ్లకి, అప్పుడప్పుడు కార్టూన్లకి తెలుగు డబ్బింగ్ చెప్తుంటాను. వడపళనిలో ఒక స్టూడియో వాళ్లు శని, ఆదివారాల్లో పాత కమెడియన్ల నుంచి కార్టూన్ గొంతులు ఎలా పుట్టాయో చెప్పే క్లాసు పెడితే, నాలుగు వేలు కట్టి చేరాను.

మొదటి రోజు పాఠం ఒక్కటే చాలు, డబ్బు గిట్టిందనిపించింది. మాస్టారు తెర ఆపేసి, 1955లో అమెరికా టీవీలో మొదలైన సార్జెంట్ బిల్కో కార్యక్రమం ఆడియో వినిపించారు. ఫిల్ సిల్వర్స్ గొంతు. పై అధికారిని పొగుడుతూనే పక్కవాడి జేబు ఖాళీ చేసే సార్జెంట్. వెంటనే 1961 నాటి కార్టూన్ టాప్ క్యాట్ వేశారు. పిల్లికి గొంతిచ్చింది ఆర్నాల్డ్ స్టాంగ్. కానీ ఆ మాటల పరుగు, దొరికిపోగానే తియ్యగా మారిపోయే తీరు, అన్నీ బిల్కోవే. ఇంకో తమాషా: బిల్కో దళంలో డోబర్‌మన్‌గా నవ్వించిన మారిస్ గాస్ఫీల్డే, టాప్ క్యాట్ ముఠాలో బొద్దు పిల్లి బెన్నీకి గొంతిచ్చాడు.

1958లో వచ్చిన కార్టూన్ ఎలుగుబంటి యోగి బేర్ సంగతీ అంతే. 'ది హనీమూనర్స్' అనే అమెరికా టీవీ కామెడీలో, మురుగుకాలవల్లో పనిచేసే నార్టన్ పాత్రలో ఆర్ట్ కార్నీ మాట్లాడిన పద్ధతిని గొంతు కళాకారుడు డాస్ బట్లర్ ఈ ఎలుగుబంటికి తొడిగాడు. టోపీతో సహా!

నాకు బాగా పనికొచ్చింది మాత్రం బర్ట్ లార్ కథ. 1939 నాటి 'ది విజార్డ్ ఆఫ్ ఓజ్' సినిమాలో పిరికి సింహం వేసినాయన. ఒక ప్రకటనలో బాతుకి తన గొంతును అనుకరించి వాడారని కోర్టుకెక్కాడు. అందులో విచారించాల్సిన విషయం ఉందని 1962లో అప్పీలు కోర్టు ఒప్పుకుంది. మన దగ్గర ప్రకటనలకి 'ఫలానా ఆయనలా చెప్పమ్మా' అని అడిగే వాళ్లకి ఇది చెప్పి చూడాలి.

తర్వాత అభ్యాసం. ఎవరి భాషలో కమెడియన్ని వాళ్లే తీసుకుని ఒక జంతువుకి గొంతివ్వాలి. చుట్టూ అందరూ తమిళ కమెడియన్లు నాగేష్, వడివేలు అంటుంటే నేను మా నెల్లూరాయన, పాత తెలుగు సినిమాల కమెడియన్ రమణారెడ్డిని పట్టుకుని నక్కని చేశాను. గొంతు జోలికి పోలేదు. మంచిమాట చెప్తున్నట్టే మొదలెట్టి, చివరికి మంట పెట్టే ఆ వంకర మాత్రం తీసుకున్నాను. తెలుగు రాని మాస్టారు కూడా నవ్వారు.

ఇక లోటుపాట్లు. ఇరవై మందికి పైగా జనం, ఒకటే మైకు. నా వంతు వచ్చి పోయేసరికి ఐదు నిమిషాలు కూడా కాలేదు. రికార్డింగ్ రూములో ఏసీ మోత ట్రాక్‌లోకి ఎక్కేసింది. ఫైలు ఇమ్మంటే 'పంపిస్తాం మేడమ్' అన్నారు, ఇంకా పంపలేదు. పాఠం తమిళం, ఇంగ్లీషుల్లోనే. తమిళం బొత్తిగా రానివాళ్లకి సగం జోకులు పోతాయి. సర్టిఫికెట్‌కి మాత్రం పెద్ద ఫోటో సెషన్, అదొక గోల.

డబ్బింగ్‌లో కాస్త నలిగినవాళ్లు ధైర్యంగా చేరొచ్చు. అసలు మైకే చూడనివాళ్లయితే, ఒక్కొక్కరికి మైకు మీద ఎంతసేపు ఇస్తారో ముందే గట్టిగా అడిగి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.