ఐదొందల పరుగు: రోడ్డు బాగుంది, లెక్కే తేలలేదు

సంక్రాంతి వెళ్లిన ఆదివారం విశాఖ ఆర్.కె. బీచ్‌లో తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారవని జబ్బు) ఉన్న పిల్లల కోసం 5కె, 10కె పరుగు పెట్టారు. నిర్వాహకుల పేరు రాయను. ఆ రోజు అక్కడున్నవాళ్లకి తెలుసు.

ముందు నేనెవరో చెప్పాలి. ఎంవీపీ కాలనీలో మాకో చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. నా వయసు 47. పరుగు అలవాటు లేదు. "రోజూ పొయ్యికీ బల్లలకీ మధ్య పరిగెడుతూనే ఉన్నావు కదమ్మా, ఇదీ అంతే" అని మా అమ్మాయి నా పేరు కూడా రాయించేసింది. మనిషికి ఐదొందలు. మామూలుగా అయితే తిట్టేదాన్నే. కానీ తలసీమియా అనగానే మా దగ్గరికొచ్చే ఒక పాప గుర్తొచ్చింది. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకుని, ఇంటికెళ్తూ వాళ్లమ్మతో మా దగ్గర ఆగుతుంది. రెండు ఇడ్లీ, ఒక టీ. మొదట్లో చిన్నపిల్లకి టీ ఏమిటని ఆ తల్లిని కసిరాను కూడా. మాటిమాటికీ రక్తం ఎక్కించడం వల్ల ఒంట్లో ఐరన్ పేరుకుపోతుందని, తిండితో పాటు టీ తాగితే తిండిలోని ఐరన్ అయినా ఒంటికి కాస్త తక్కువ పడుతుందని డాక్టరు చెప్పారట. ఆ మాట విన్నాక ఆ టీకి డబ్బులు తీసుకోవడం మానేశాను.

సరే, పరుగు సంగతి. ఆరింటికి మొదలన్నారు. ఆదివారం షాపు మా ఆయనకి అప్పజెప్పి, ఐదున్నరకల్లా కాళీమాత గుడి దగ్గరున్నాం. ముఖ్య అతిథి వచ్చి, మాట్లాడి, జెండా ఊపేసరికి 6.40. అప్పటికే సూర్యుడు సముద్రం మీదికొచ్చేశాడు. విశాఖలో చలికాలమైనా ఎండ పడిందంటే ఉక్క మొదలవుతుంది, ఆ సంగతి వేదిక మీద కోటు వేసుకున్నాయనకి ఎవరూ చెప్పలేదు కాబోలు.

రోడ్డు మాత్రం ఎంత బాగుందో. బండ్లు ఆపేశారు. కుడి పక్క సముద్రం, మీద గాలి. రోజూ స్కూటీ మీద హారన్లు కొట్టుకుంటూ వెళ్లే దారి ఇదేనా అనిపించింది. కురుసుర సబ్‌మెరైన్ దగ్గరికే ఆయాసం వచ్చేసి నడక మొదలుపెట్టాను. అది 31 ఏళ్లు పనిచేసి 2001లో రిటైరైంది, ఇప్పుడు ఇసుకలో హాయిగా కూర్చుంది. నేను పొయ్యి ముందు 22 ఏళ్లే పూర్తి చేశాను. ఇంకా తొమ్మిదేళ్లుందని లెక్కేసుకుని మళ్లీ పరుగెత్తాను.

5కె వాళ్లం వుడా పార్కు దాటి కొంత వెళ్లి వెనక్కి తిరగాలి. 10కె వాళ్లు తెన్నేటి పార్కు దాకా. ఆ చివర ఎత్తు ఎక్కేటప్పుడు ప్రాణం పోయిందని మా ఎదురింటి కుర్రాడు చెప్పాడు. మా అమ్మాయి వాచీ మాత్రం 5కె మొత్తం 4.6 కిలోమీటర్లే చూపించింది. నాకేం బాధ లేదు, 400 మీటర్లు మిగిలాయి. టైముల కోసం పరిగెత్తేవాళ్లు గొడవ పెట్టుకున్నారు, న్యాయమే.

వెళ్లేటప్పుడు మంచినీళ్లు ఇచ్చారు. వచ్చేటప్పటికి అయిపోయాయి. ఆడవాళ్లకి రెండు మొబైల్ టాయిలెట్లు పెట్టారు, ఒకదాంట్లో నీళ్లు లేవు. కాలేజీ పిల్లలు మాత్రం బంగారం. పడేసిన కప్పులన్నీ ఏరి గోనెసంచుల్లో వేశారు, నాకు చెయ్యి పట్టుకుని మరీ "ఇంకొంచెమే ఆంటీ" అన్నారు.

టిఫిన్ గురించి నన్ను అడక్కూడదు, అయినా చెప్తాను. ఇడ్లీని హాట్‌బాక్సులో కుక్కి రెండు గంటలు మూత పెడితే చెమటపట్టి బంకలా అవుతుంది. అదే అయింది. ఉప్మా ఫరవాలేదు. చట్నీ కంటే సముద్రం చిక్కగా ఉంది.

అసలు సంగతి డబ్బు. చేతికిచ్చిన టీషర్టు పూర్ణా మార్కెట్‌లో టోకున అయితే 130కి మించదని నా అంచనా. మెడల్‌కి 60, టిఫిన్‌కి 35, నీళ్లకీ నంబరు కాగితానికీ 40 వేసినా ఇంకా 235 మిగలాలి. టీషర్టు వీపు మీద పదకొండు కంపెనీల పేర్లున్నాయి, స్టేజీ ఖర్చు వాళ్లే పెట్టుకుని ఉండాలి. పిల్లలకి ఎంత వెళ్తుందని కౌంటర్లో అడిగితే, "వారంలో వెబ్‌సైట్‌లో పెడతాం మేడమ్" అన్నాడు అబ్బాయి. మూడు వారాలైంది, ఫొటోలు పెట్టారు, లెక్క పెట్టలేదు. తిన్నారని నేననడం లేదు. రెండు ఇడ్లీకి కూడా మేం బోర్డు మీద ధర రాస్తాం, అంతే నా బాధ. అందుకే ఐదుకి మూడు స్టార్లు. ఆ మూడూ రోడ్డుకీ, ఆ కాలేజీ పిల్లలకీ.

మొన్న పాప తల్లి వచ్చినప్పుడు, "ఈసారి రక్తం ఎక్కించేటప్పుడు పెట్టే ఫిల్టరుకి డబ్బులు కట్టమనలేదక్కా" అంది. పరుగు డబ్బుల్లోంచి ఇచ్చారా అని అడిగాను. "ఏమో అక్కా, ఎవరూ చెప్పలేదు" అంది. పాప టీలో ఇడ్లీ ముంచుకుని తింటోంది.